ఎడమ కాలి విషయమై

జూన్ 4

అక్కకి,

నేను ఆసుపత్రిలో లేను. ముందు ఈ ముక్క రెండుసార్లు చదువుకో. ఇంట్లోనే ఉన్నాను, కిటికీ పక్కన కూర్చుని టీ తాగుతున్నాను. బావ కూడా ఇక్కడే ఉన్నారు. వచ్చిన దగ్గర్నుంచీ మా ఇంట్లో ఊగే కుర్చీలన్నీ బిగిస్తున్నారు. వడ్రంగి బావ ఉన్నందుకు ఇదొక్కటే లాభం.

మొన్న ఫోన్లో "ఆసుపత్రివాళ్ళు నన్ను చేర్చుకున్నారు" అన్నమాట నిజమే. దానికి ముందు "సలహా బృందంలో" అని కూడా అన్నాను. నీ చెవికి ఆ ముక్క ఆనలేదు. నేను "అక్కా, అక్కా" అంటుండగానే ఫోను పెట్టేశావు. మర్నాడు పొద్దున తొలి బస్సుకే బావ దుప్పటి, ఫ్లాస్కు, రెండు దిండ్లతో దిగిపోయారు. మగవాళ్ళ వార్డులో పదహారు మంచాలూ వెతికి, ముసుగు తన్ని పడుకున్న ఎవరో పెద్దమనిషిని నేనే అనుకుని అరగంట సేపు పాదాలు ఒత్తారట. ఆయనకి హాయిగా ఉండి ఏమీ అనలేదట. ముసుగు తీశాక ఇద్దరూ కాసేపు పిల్లల చదువుల గురించి మాట్లాడుకున్నారట.

అసలు సంగతి ఇదీ. నా ఎడమ కాలికి వచ్చేది చర్మం కింద క్రిములు చేరడం వల్ల వచ్చే జబ్బు. కాలు ఎర్రబడి, కాలిపోతూ, గుమ్మడికాయలా వాచిపోతుంది, జ్వరం. రెండేళ్ళలో మూడుసార్లు వచ్చింది. మందులు వేస్తే తగ్గుతుంది, కానీ మళ్ళీ వస్తుంది. ఇంకోసారి వస్తే బస్సు దింపి టికెట్ల గదిలో కూర్చోబెడతామని డిపో మేనేజరు చెప్పేశాడు. క్లచ్ తొక్కలేని డ్రైవరు ఎవరికి కావాలి?

ఇలా వచ్చి తగ్గినవాళ్ళకి మళ్ళీ రాకుండా ఏం చేయాలో తేల్చడానికి ఇక్కడి డాక్టర్లు పరిశోధన మొదలుపెడుతున్నారు. బిగుతు మేజోళ్ళు ఏడాది పాటు తొడిగితే మేలా, మామూలు జాగ్రత్తలే చాలా అని. అది ఎలా చేయాలో ఆలోచించడానికి జబ్బు పడ్డవాళ్ళని కూడా తమతో కూర్చోబెట్టుకుంటున్నారు. నేను మాట్లాడాలి, వాళ్ళు రాసుకోవాలి. నా మీద ఎవరూ ఏ ప్రయోగమూ చేయరు.

ఇక నుంచి ఫోన్లు వద్దు. ఉత్తరాలే రాసుకుందాం. కాయితం నీ చెవిని నమ్ముకోదు.

తమ్ముడు

*

జూన్ 10

ఒరేయ్ తమ్ముడూ,

మీ బావ నిన్న చేరారు. దుప్పటి తెచ్చారు, ఒక దిండు మర్చిపోయారు. ఆ పాదాలు ఒత్తించుకున్న ఆయన అడ్రసు మాత్రం భద్రంగా తెచ్చుకున్నారు.

నా చెవికేం లోపం లేదు. కుట్టుమిషను పక్కన ముప్పై ఏళ్ళు కూర్చున్న చెవి అది, ఆ మాత్రం వినపడడమే గొప్ప. నాకు వినపడనిది కాదు, అర్థం కానిది ఒకటుంది. అన్నేళ్ళు చదువుకున్న డాక్టర్లు ఒక బస్సు డ్రైవరుని పిలిచి కుర్చీ వేసి "మేం ఏం చేయాలో చెప్పండి" అని అడుగుతారా? నువ్వు స్కూల్లో కప్పని కోసే రోజున కప్ప కంటే ముందు పడిపోయినవాడివి. నిజం చెప్పు, దేని మీద సంతకం పెట్టావు? చిన్న అక్షరాలు చదివావా? వాటిలోనే అంతా ఉంటుంది.

బిస్కెట్లు పెట్టారా? పెడితే జాగ్రత్త. ఊరికే ఎవరూ పెట్టరు.

ఇంకో మాట. మా షాపుకొచ్చే ఒకావిడ అడగమంది. ఈ జబ్బు బట్టల వల్ల ఇంకొకళ్ళకి అంటుకుంటుందా? అంటే, ఈ జబ్బున్న మనిషి ముట్టుకున్న బట్ట ఇంకొకళ్ళు కట్టుకుంటే? ఆవిడ ఊరికే అడిగింది. తొందరేం లేదు. వచ్చే ఉత్తరంలోనే రాయి.

మీ అక్క

*

జూన్ 18

అక్కకి,

బిస్కెట్లు పెట్టారు. క్రీము బిస్కెట్లు. మొదటి సమావేశంలో నేను చేసింది అదొక్కటే, ఆరు తిన్నాను. నోరు విప్పితే అందుకే విప్పాను.

గది మూడో అంతస్తులో ఉంది. పొడుగాటి బల్ల, గోడకి గడియారం, అది పది నిమిషాలు వెనక. బల్లకి అటు పెద్ద డాక్టరమ్మ, అంకెలన్నీ చూసే లెక్కలాయన, ఒక నర్సు. ఇటు నేనూ, రిటైరయిన హెడ్‌మిస్ట్రెస్ ఒకావిడా. ఆవిడకి ఈ జబ్బు నాలుగుసార్లు వచ్చింది. నాకు మూడే గనక నన్ను జూనియరు కింద చూస్తుంది. డాక్టరమ్మ మాట్లాడుతుంటే మధ్యలో ఆపి వాక్యం సరిచేస్తుంది. డాక్టరమ్మ "థాంక్స్ టీచర్" అని సరిచేసుకుంటుంది.

ఇప్పుడు అసలు వార్త. పరిశోధనలో చేరమని జనానికి ఇచ్చే కరపత్రం ఒకటి తయారవుతోంది. అందులో మేజోడు ఎలా తొడుక్కోవాలో చూపించడానికి ఒక ఫోటో కావాలన్నారు. నర్సు నా కాలు బల్ల మీద పెట్టించి ఫోటో తీసింది. కరపత్రం మొదటి పేజీలోనే నా ఎడమ కాలు. మీ మరదలు చూసి, పెళ్ళి ఫోటోలో కంటే బాగా పడ్డానంది.

బట్టల సంగతి డాక్టరమ్మని అడిగి రాస్తాను.

తమ్ముడు

*

జూన్ 27 (కార్డు)

అక్కా, డ్యూటీకి టైమైంది, అందుకే కార్డు. నిన్నటి సమావేశంలో పెద్ద వాదన జరిగింది. చివరికి నా కాలు తీసేశారు. వెంట్రుకలు మరీ ఎక్కువగా ఉన్నాయని హెడ్‌మిస్ట్రెస్ పట్టుబట్టింది. ఆ చోట మీ మరదలి కాలు పెట్టారు. మీ మరదలు మొదట ఒప్పుకోలేదు గానీ డాక్టరమ్మ నచ్చజెప్పాక సరేనంది. పది నిమిషాల్లో పని అయిపోయింది. చాలా బాగా కుదిరింది, అందరూ మెచ్చుకున్నారు. నేను కాస్త బాధపడ్డాను గానీ సర్దుకున్నాను. తమ్ముడు

*

జూలై 1

తమ్ముడూ,

నీ కార్డు చదివి మీ బావ చెక్కపొట్టు మీదే కూలబడిపోయారు. నేను చదివి, మళ్ళీ చదివి, పక్క షాపు ఆయనకిచ్చి చదివించాను. ఆయనా అదే చదివాడు.

వెంట్రుకలు ఎక్కువున్నాయని కాలు తీసేస్తారా? మంగలికి చెప్తే పోయేదానికి? ఆ హెడ్‌మిస్ట్రెస్ ఎవరు, నీ కాలి గురించి తీర్మానం చేయడానికి? నేను ముందే రాశాను, బిస్కెట్లు ఊరికే పెట్టరని. నువ్వు చూస్తే సంతకాల మనిషివి.

పోనీ నీ సంగతి నువ్వు ఒప్పుకున్నావు. ఆ పిల్లనెందుకు ఇరికించావు? కాలు ఇవ్వమంటే ఇచ్చేసే పిల్ల అది, దానికి నోరు లేదు. మీ బావ కాయితం మీద లెక్క వేశారు. నీకు నీది ఒకటి, దానిది ఒకటి. దానికి ఒకటే. ఇల్లు మొత్తానికి మూడు కాళ్ళు. పది నిమిషాల్లో అయిపోయిందని రాశావు. నేను జాకెట్టుకి హుక్కులు కుట్టడానికి అంతకంటే ఎక్కువ సేపు పడుతుంది. ఇలాంటిది నేనెక్కడా వినలేదు, కానీ ఈ రోజుల్లో ఏమైనా చేస్తున్నారు.

ఏడుస్తూ కూర్చునే మనిషిని కాదు నేను. మరదలు నీకంటే పొట్టి గనక ఆ కాలు నీకు నాలుగు అంగుళాలైనా తగ్గుతుంది. నీ కొలతలు నా దగ్గరున్నాయి కాబట్టి ఒక వైపు నాలుగు అంగుళాలు తగ్గించి మూడు ప్యాంట్లు కుట్టి పంపిస్తున్నాను. లోపల గుడ్డ మడతపెట్టి వదిలాను. రేపు కాలు పెరిగితే విప్పుకోవచ్చు. మీ బావ మరదలికి చంకకర్ర చేశారు. చంకకి గుచ్చుకోకుండా పైన మెత్త నేను కుట్టాను.

నిన్ను డిపోవాళ్ళు ఏమన్నారు? ఉన్నది ఉన్నట్టు రాయి. దాచకు.

అక్క

*

జూలై 7

అక్కకి,

పార్సిలు అందింది. మీ మరదలు పార్సిలు ముందు విప్పి, తర్వాత ఉత్తరం చదివి, వంటింట్లోకి వెళ్ళి తలుపేసుకుంది. నవ్వుతోందని నాకు తెలుసు. గిన్నెలు మోగాయి.

తీసేసింది ఫోటో అక్కా. కరపత్రంలో ఫోటో. నా కాలి ఫోటో తీసేసి దాని కాలి ఫోటో పెట్టారు. ఆ వెంట్రుకలు చూసి ఇది మగవాళ్ళకే వచ్చే జబ్బు అనుకుంటారని హెడ్‌మిస్ట్రెస్ భయం. కరపత్రంలో నా కాలి ఫోటో వేస్తున్నారని 18వ తేదీ ఉత్తరంలో రాశాను. అది నీకు చేరలేదని ఇప్పుడు అర్థమైంది. మా ఇంట్లో మొత్తం నాలుగు కాళ్ళూ ఎవరివి వాళ్ళకే ఉన్నాయి. కరపత్రం జత చేస్తున్నాను, చూసుకో.

ప్యాంటు ఒకటి తొడుక్కుని చూశాను. నువ్వు తగ్గించింది కుడి వైపు. నా ఎడమ కాలు నిజంగా తీసేసినా ఆ ప్యాంటు పనికొచ్చేది కాదు. అయినా అద్దం ముందు కాసేపు నిలబడ్డాను. తమ్ముడి కాలు పోయిందని విని, ఏడవకుండా మిషను ముందు కూర్చునే అక్క ఎంతమందికి ఉంటుంది అనుకున్నాను. చంకకర్ర వృథా కాలేదు. మీ మరదలు దాంతో అటక మీది డబ్బాలు దించుకుంటోంది.

మీ షాపుకొచ్చే ఆవిడకి చెప్పు. ఇది బట్ట ముట్టుకుంటేనో పక్కన కూర్చుంటేనో మామూలుగా అంటుకునేది కాదని డాక్టరమ్మ చెప్పింది. కాలి వేళ్ళ సందుల్లో చర్మం చీలితే, అక్కడి నుంచి క్రిములు లోపలికి పోతాయట. ఈ ప్రశ్న చాలామందికి ఉండి కూడా అడగరని కరపత్రంలోకి ఎక్కించారు. అడిగినావిడకి డాక్టరమ్మ కృతజ్ఞతలు చెప్పమంది.

తమ్ముడు

*

జూలై 13

ఒరేయ్,

ఇక నీ కాలి గురించి ఈ ఇంట్లో ఎవరూ ఎత్తకూడదని మీ బావకి చెప్పాను. ఆయన ఇప్పటికే నలుగురికి చెప్పి ఉన్నారు. పరామర్శకి వచ్చినవాళ్ళకి టీ ఇచ్చి, కాలు మళ్ళీ వచ్చిందని చెప్పి పంపిస్తున్నాం. నీ 18వ తేదీ ఉత్తరం దొరికింది. షాపు రోడ్డుకి ఇటు వైపు మార్చి ఆరు నెలలైంది, నువ్వింకా పాత నంబరే రాస్తున్నావు. మిగతావి పోస్టుమాను గుర్తుపట్టి ఇటే తెచ్చాడు, ఇదొక్కటి అక్కడే పడేశాడు. ఇప్పుడక్కడున్న ఇస్త్రీ అబ్బాయి దాన్ని ఎవరిదో చొక్కా కాలరులో అట్టగా పెట్టాడు. ఆ చొక్కా గలాయన చూసి తెచ్చి ఇచ్చాడు.

ఇక ఎడమా కుడీ గురించి. కస్టమరు నాకు ఎదురుగా నిలబడతాడు. మీ ఎడమ నాకు కుడి. ముప్పై ఏళ్ళలో ఎవరూ ఫిర్యాదు చేయలేదు.

కరపత్రం చూశాను. మరదలి కాలు ముచ్చటగా ఉంది. కానీ ఆ డాక్టర్లకి టేపు పట్టుకోవడం వచ్చా? కాలు కొలిచి మేజోడు ఇస్తామని రాశారు. ఎప్పుడు కొలుస్తారు? సాయంత్రం కొలిస్తే రెండు వేళ్ళు ఎక్కువ వస్తుంది, ఆ మేజోడు మర్నాటి పొద్దున్నకి జారిపోతుంది. మనిషి మంచం దిగిన వెంటనే కొలవాలి. మేజోడు మోకాలి వెనక చుట్టుకుపోయి మధ్యాహ్నానికి తాడు కట్టినట్టు కోస్తుంది. అక్కడ పట్టీ వెడల్పుగా ఉండాలి. ఒట్టి చేతులతో లాగితే వేళ్ళ గోళ్ళు విరుగుతాయి. గిన్నెలు తోమే రబ్బరు తొడుగులు వేసుకుంటే సులువుగా ఎక్కుతుంది. ఫోటోలో మరదలు నవ్వుతూ తొడుక్కుంటోంది. నవ్వుతూ తొడుక్కున్న మనిషిని నేను చూడలేదు. మొదటి వారం ఏడుపొస్తుంది, ఆ సంగతి రాయొద్దా?

వాళ్ళకి చెప్తే చెప్పు. వినరు.

అక్క

*

జూలై 25

అక్కకి,

విన్నారు.

నీ ఉత్తరం సమావేశంలో చదివాను. మొత్తం చదివాను, టేపు పట్టుకోవడం వచ్చా అన్నది కూడా. అక్కడ ఆపుదామనుకున్నాను గానీ గొంతు ముందుకెళ్ళిపోయింది. డాక్టరమ్మ నెమ్మదిగా "రాదు" అంది. అని కలం తీసింది. పొద్దున్నే కొలవాలి, వెడల్పు పట్టీ, రబ్బరు తొడుగులు, మొదటి వారం ఏడుపు, అన్నీ రాసుకున్నారు. లెక్కలాయన రెండు వేళ్ళంటే ఎన్ని సెంటీమీటర్లని అడిగాడు. ఎవరి వేళ్ళని నేనడిగాను. అది కూడా రాసుకున్నాడు.

నీ పుణ్యమా అని నాకూ ధైర్యం వచ్చింది. మధ్యలో జబ్బు మళ్ళీ వస్తే, తగ్గిందో లేదో తెలుసుకోవడానికి ఎరుపు ఎంత మేర తగ్గిందో కొలుస్తామని లెక్కలాయన అంటుంటే చెయ్యెత్తాను. "సార్, ఎరుపు తగ్గిన ఇరవై రోజులకి గానీ నా కాలు బూటులో పట్టలేదు. ఆ ఇరవై రోజులూ మీ కాయితం మీద నాకు బాగైపోయింది, మా ఇంట్లో బాగవలేదు" అన్నాను. లెక్కలాయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. ఇప్పుడు ప్రతి నెలా అడిగే ప్రశ్నల్లో మొదటిది, బూటో చెప్పో వేసుకుని మీ పనికి వెళ్ళగలుగుతున్నారా అని. ఆ రోజు నేను బిస్కెట్లు ముట్టుకోలేదు. గుర్తు రాలేదు.

చివర్లో మెట్లు దిగుతుంటే హెడ్‌మిస్ట్రెస్ ఆపింది. "మీ అక్కగారు మేజోళ్ళు కుడతారా?" అంది. కుట్టదు, జాకెట్లూ ప్యాంట్లూ కుడుతుందన్నాను. "మరి మధ్యాహ్నానికి మోకాలి వెనక కోస్తుందని ఆవిడకెలా తెలుసు?" అంది.

నీకెలా తెలుసక్కా?

తమ్ముడు

*

ఆగస్టు 5

బావమరిదికి,

నేను ఉత్తరాలు రాసేవాణ్ణి కాదు, నీకు తెలుసు. నీ ఉత్తరం వచ్చిన దగ్గర్నుంచి మీ అక్క కాయితం తీస్తుంది, రాస్తుంది, చింపుతుంది. నిన్నటికి పదకొండు. ఏం రాసిందని అడిగితే నీ ప్యాంటు కొలతలంటుంది.

మొన్న షాపులో కత్తిరించే బల్ల కాలు సరిచేయడానికి కింద దూరాను. మిషను వెనక, దారం ఉండల డబ్బాలో, ఒక జత మేజోళ్ళు ఉన్నాయి. మందంగా, రబ్బరులా ఉన్నాయి. చూడనట్టే బయటికొచ్చాను. వస్తుంటే తలకి బల్ల తగిలి బొప్పి కట్టింది. ఆ బొప్పి ఎలా వచ్చిందని మీ అక్క అడిగింది. నేనూ చెప్పలేదు. ప్రస్తుతం ఇంట్లో ఇద్దరం ఒకళ్ళకొకళ్ళం చెప్పుకోకుండా తిరుగుతున్నాం.

నువ్వేం చేస్తావో తెలియదు. ఏదో ఒకటి చెయ్యి.

బావ

*

ఆగస్టు 11

తమ్ముడూ,

ఇది పన్నెండో కాయితం. చింపను.

నాకూ వచ్చింది. రెండుసార్లు. మొదటిసారి నిరుడు వేసవిలో, కుడి కాలికి. నా కుడి, ఎదురుగా నిలబడ్డవాళ్ళది కాదు. మిషను పెడలు తగిలిందని చెప్పాను. రెండోసారి మొన్నటి చలికాలంలో, సరిగ్గా నువ్వు ఆసుపత్రిలో పడ్డ వారమే. నిన్ను చూడడానికి రాలేదని నువ్వు నెల రోజులు మాట్లాడలేదు. స్కూలు యూనిఫారాలు రెండొందలు ఇవ్వాలి, కదల్లేనని అప్పుడు చెప్పాను. కదల్లేనన్నది నిజమే. నాలుగు రోజులు నేనూ మంచం మీదే ఉన్నాను. నడుం పట్టేసిందన్నానని మీ బావ పాపం రోజుకి రెండు పూటలా నడుముకి నూనె రాశారు. నడుము మాత్రం ఇప్పటికీ చాలా బాగుంది.

మందులు, మేజోళ్ళు అవతల పేటలో ఎవరూ ఎరగని డాక్టరు దగ్గర తెచ్చుకున్నాను. మేజోళ్ళు మూడు వారాలు తొడిగి విసిగి దారాల డబ్బాలో పడేశాను. జబ్బు గురించి అడగమన్న ఆవిడ ఎవరో నీకు అర్థమయ్యే ఉంటుంది.

ఎందుకు దాచానంటే, చర్మానికి జబ్బున్నదాని చేతికి ఒంటి మీద వేసుకునే బట్ట ఎవరైనా ఇస్తారా? బ్యాంకులో కౌంటరు దగ్గర కూర్చునే ఆవిడ ఉంది. నెలకి నాలుగు జాకెట్లు కుట్టిస్తుంది. చెయ్యి కడుక్కున్నావా అని అడిగి గానీ గుడ్డ ఇవ్వదు. ఆవిడకి తెలిస్తే ఊరికంతటికీ తెలిసినట్టే. షాపు మూస్తే నేను ఇంట్లో కూర్చుని ఎవరి కొలతలు తీయాలి?

నీ కాలు పోయిందని నమ్మేశానంటే ఊరికే నమ్మలేదు. నా కాలి గురించి భయపడుతూ ఉన్నాను గనక నమ్మాను.

మీ బావకి ఈ పొద్దున చెప్పాను. ఆయన బొప్పి చూపించారు.

అక్క

*

ఆగస్టు 17

అక్కా,

మాట్లాడకుండా ఉన్న ఆ నెల రోజులకి నేను సిగ్గుపడుతున్నాను. ఇంకేం రాయాలో తోచడం లేదు. మీ మరదలు పక్కన కూర్చుని "ఏం రాయక్కర్లేదు, వెళ్ళి చూపించుకోమని మాత్రం రాయి" అంటోంది.

మీ ఊరి పెద్దాసుపత్రి కూడా ఈ పరిశోధనలో ఉంది. రెండుసార్లు వచ్చి తగ్గినవాళ్ళే వాళ్ళకి కావాలి. వెళ్ళి అక్కడి నర్సుని కలువు. చేరమని నేననను. అది నీ ఇష్టం. వద్దంటే వద్దని చెప్పొచ్చు, కారణం కూడా చెప్పనక్కర్లేదు. ఆ వాక్యం కరపత్రంలో ఉంది. హెడ్‌మిస్ట్రెస్ రాయించింది.

తమ్ముడు

*

ఆగస్టు 30

ఒరేయ్ తమ్ముడూ,

వెళ్ళాను. వద్దని చెప్పాను.

నర్సమ్మ మంచి పిల్ల. వద్దంటే కారణం చెప్పనక్కర్లేదండి అంది. నేను కూర్చుని చెప్పడం మొదలుపెట్టాను. మధ్యలో ఆ పిల్ల కలంలో సిరా అయిపోయింది, నా సంచిలోది ఇచ్చాను. పన్నెండింటికి ఇంటికొచ్చేసరికి మీ బావ నన్ను చేర్చుకున్నారేమోనని మళ్ళీ దిండు సర్దుతున్నారు.

చేరాలంటే కాలు కొలిపించుకోవాలి, సరే. ఎక్కడ కొలుస్తారు? మందుల కౌంటరు పక్కన నడవాలో, బెంచీ మీద. ఎదురుగా మందుల కోసం వరసలో నలభై మంది. అంతమంది ముందు చీర మోకాలి దాకా ఎత్తి స్టూలు మీద కాలు పెట్టాలా? అదీ ఎవరు కొలుస్తారు? నిన్నో మొన్నో మీసం మొలిచిన కుర్ర డాక్టరు. నేను వెళ్ళిన రోజు ఆ వరసలో ఎవరున్నారనుకున్నావు? బ్యాంకావిడ. నన్ను చూసి తల తిప్పుకుంది, నేనూ తిప్పుకున్నాను. ఆ నడవాలో ఇద్దరం చెరో గోడనీ చూస్తూ నిలబడ్డాం. పైగా రమ్మనేది పదింటికి. పదింటికి నా కాలు అప్పుడే సాయంత్రం కాలు అయిపోతుంది. పొద్దున్నే కొలవమని నేనే కదా రాసింది. ఇంకా చాలా చెప్పాను. స్టూలు కూడా ఊగుతోంది. మీ బావకి తెలిస్తే ఊరుకోరు.

అందుకని వద్దన్నాను. నీకు కోపం వస్తే రానీ.

అక్క

*

సెప్టెంబరు 9

అక్కకి,

కోపమా? నీ కారణాలు రెండున్నర పేజీలు టైపు చేయించి ఇక్కడికి పంపింది ఆ నర్సు. నిన్న సమావేశంలో పంచారు. పైన నీ పేరు లేదు, "వద్దన్న ఒక మహిళ" అని మాత్రం ఉంది. రెండో లైను చదవగానే హెడ్‌మిస్ట్రెస్ నా వైపు చూసింది. నేను గడియారం వైపు చూశాను.

లెక్కలాయన చెప్పిందేమంటే, మీ ఆసుపత్రిలో ఇప్పటిదాకా చేరమని అడిగింది నలభైమందిని, వద్దన్నవాళ్ళు ముప్పై ఒకరు. అందులో ఇరవై ఆరుగురు ఆడవాళ్ళు. ఎందుకు వద్దన్నారో ఎవరికీ తెలియదు, కారణం చెప్పనక్కర్లేదని మేమే రాశాం గనక. ఇలాగే ఉంటే పరిశోధన మూసుకోవాల్సిందే అనుకున్నారట. "ముప్పై ఒకరిలో చెప్పింది ఈవిడొక్కరే" అన్నాడు. డాక్టరమ్మ ఆ కాయితాలు మళ్ళీ మొదటి నుంచి చదివింది. "ఈవిడ చేరి ఉంటే మనకి ఒక్క కాలే దొరికేది" అంది.

ఇకమీదట పొద్దున ఏడింటికే రమ్మంటారు. ఆడవాళ్ళకి ఆడవాళ్ళే కొలుస్తారు. నడవా వద్దు, పాత ఎక్స్‌రే గది ఇస్తారు. చిక్కేమంటే ఆ గదికి తలుపు లేదు. తెర కొనాలంటే మూడు కంపెనీల నుంచి రేట్లు తెప్పించి, పైవాళ్ళ సంతకమై, గుడ్డ వచ్చేసరికి అయిదు నెలలు పడుతుందట.

అయిదు నెలలు, ఒక తెరకి. నేనేమీ అడగడం లేదు. ఊరికే రాశాను.

తమ్ముడు

*

సెప్టెంబరు 24

తమ్ముడూ,

రెండు రోజులు పట్టింది. నీలం రంగు ముతక గుడ్డ, రెండు పొరలు, వెలుతురు పడితే నీడ కూడా కనపడదు. కింద ఇసుక నింపిన గొట్టం కుట్టాను, ఫ్యాను గాలికి లేవకుండా. మీ బావ కర్ర కమ్మీ బిగించారు. స్టూలు కూడా సరిచేశారు. అడక్కుండానే పక్క గదిలో ఇంకో మూడు స్టూళ్ళు సరిచేశారు. పెద్ద నర్సు వచ్చి, ఆసుపత్రి ఆస్తి మీద పనిచేయడానికి ఎవరి అనుమతి ఉందని అడిగింది. మీ బావ ఆవిణ్ణి స్టూలు మీద కూర్చోమన్నారు. ఆవిడ కూర్చుంది. లేచి, తన గదిలో కుర్చీ కూడా చూడమంది.

ఈ పొద్దున ఏడింటికి వెళ్ళాను, తెర సరిగ్గా జరుగుతోందో లేదో చూద్దామని. నర్సమ్మ ఒక్కతే ఉంది. టేపు, కాయితం సర్దుకుని ఎవరైనా వస్తారేమోనని గుమ్మం వైపు చూస్తోంది. తెర అటోసారి ఇటోసారి లాగాను. బాగానే జరుగుతోంది. ఇక ఇంటికి రావచ్చు. రాలేదు. లోపల నిలబడి తెర వేసేసి స్టూలు మీద కాలు పెట్టాను.

చేరాను గానీ, ఎవరికి మేజోడో ఎవరికి మామూలు జాగ్రత్తలో తేల్చే చీటీలో నాకు మేజోడు రాలేదు. మామూలు జాగ్రత్తల వరస వచ్చింది. మేజోళ్ళ గురించి డాక్టర్లకే పాఠం చెప్పిన నాకు ఏడాదంతా వేళ్ళ సందులు తుడుచుకోవడమే పని. మార్చమని అడిగాను. లెక్కలాయన రూలు, కుదరదంది నర్సమ్మ. నీ లెక్కలాయన అంత గట్టివాడని ముందే రాయొద్దా?

నర్సమ్మ మోకాళ్ళ మీద కూర్చుని టేపు చుట్టింది. ఆ పిల్ల తల నా మోకాలి దగ్గర ఉంది. ఆ వైపు నుంచి నేనెప్పుడూ ఎవరినీ చూడలేదురా. ముప్పై ఏళ్ళుగా అందరి కొలతలూ తీశాను. ఊపిరి బిగబట్టొద్దు, మామూలుగా నిలబడండి అని అందరికీ చెప్తాను. ఇవాళ అదే మాట ఆ పిల్ల నాకు చెప్పింది. అప్పుడు తెలిసింది, నేను ఎప్పటినుంచో బిగబట్టుకునే ఉన్నానని.

అంతలో తెర అవతల చెప్పుల చప్పుడైంది. ఎవరో వచ్చి ఆగారు. నర్సమ్మ "ఒక్క నిమిషం ఆగండి" అంది. అవతలి మనిషి గొంతు తగ్గించి అడిగింది.

"లోపల కొలిచేవాళ్ళు ఆడవాళ్ళేనా? నాకూ రెండుసార్లు వచ్చింది."

ఆ గొంతు నాకు నెలకి నాలుగు జాకెట్ల గొంతు.

నర్సమ్మ నా మొహం చూసింది, ఏం చేయమంటారన్నట్టు. నేను చీర దించుకుని, టేపు చుట్టి ఆ పిల్ల చేతిలో పెట్టి, తెర తీశాను.

"రండి, చేతులు కడిగే ఉన్నాయి" అన్నాను.

అక్క